రేఖాసాధకుడు నందలాల్ బోస్

సాధన యనగానే మనకు జపమాలయు, ఏకాంతస్థలమును, మూసిన కన్నులును స్ఫురించును. కన్నులు తెఱచి చేయు సాధనయు నొకటి కలదు. దారిలో కనబడు చెట్టును, పశువును, బాటసారిని శ్రద్ధతో చూచి, చూచినదానిని చిన్న కాగితముపై నాలుగు గీతలలో నిలిపి, ఆ కాగితమును తనకొఱకు దాచుకొనక పరులకు పంచియిచ్చుట అట్టి సాధన. ఆధునిక భారత చిత్రకారులలో అగ్రగణ్యుడగు నందలాల్ బోస్ దీనిని జీవితాంతము విడువక ఆచరించెను. ఆయన రచించిన మహాచిత్రములను గూర్చి లోకము ఎక్కువగా చెప్పుకొనును. కాని ఆయన హృదయమును తెలిసికొనగోరువారు ఆ చిన్న కాగితములను చూడవలయును.

శాంతినికేతనమున ఆయన నెఱిగినవారికి ఆ దృశ్యము సుపరిచితము. నడచుచున్నవాడు ఉన్నట్లుండి నిలిచిపోవును. జేబులోనుండి తపాలా కార్డంత ఖాళీ ముక్క నొకదానిని తీయును. మేకపిల్ల గంతునో, గాలికి వంగిన తాడిచెట్టునో, నెత్తిన బరువుతో పోవుచున్న సంతాలు స్త్రీ నడకనో కొలది గీతలలో పట్టుకొనును. ఆ కార్డు తరువాత ఏ శిష్యునికో, ఏ మిత్రునికో, ఏ పసిబిడ్డకో చేరును. ఉత్తరము వ్రాయవలసినచోట బొమ్మ గీయుట ఆయన కలవాటు. ఇట్లు ఆయన చేతినుండి వెలువడిన కార్డులు వేలకొలదిగా నున్నవి.

నందలాల్ 1882 డిసెంబరు 3వ తేదీన, నేటి బీహారు రాష్ట్రమున ముంగేరు జిల్లాలోని హవేలీ ఖరగ్‌పూరున జన్మించెను. తండ్రి పూర్ణచంద్ర బోస్ దర్భంగా సంస్థానమున ఉద్యోగి. తల్లి క్షేత్రమణీదేవి దైవభక్తురాలు. బిడ్డలకొఱకు బొమ్మలు చేయుటలోను, సూదిపనిలోను నేర్పరి. ఆ తల్లి చేతులనుండి రూపము దాల్చు బొమ్మలే నందలాల్ చూచిన తొలి కళాకృతులు. ఊరిలో కుమ్మరులు మట్టిని ముద్దచేసి దేవతామూర్తులను మలచుచుండగా బాలుడు గంటలకొలది నిలిచి చూచుచుండెను. బాల్యముననే తల్లిని కోల్పోయినను, ఆమె చూపిన మార్గము ఆయనను విడువలేదు.

పదునైదవయేట చదువుకొఱకు కలకత్తా చేరెను. ప్రవేశపరీక్ష యెట్లో గడచెను గాని, కళాశాల చదువు సాగలేదు. పాఠములు వినవలసిన సమయమున చేయి బొమ్మలు గీయుచుండెడిది. 1903వ సంవత్సరమున సుధీరాదేవితో వివాహమయ్యెను. కుటుంబభారము మీదపడుచుండ, చదువులో తప్పుచున్న యువకుని జూచి ఇరువైపుల పెద్దలును చింతిల్లిరి. వాణిజ్యవిద్య నభ్యసించినచో జీవనోపాధి దొరకునని తలచి ఆయనను అందు ప్రవేశపెట్టిరి. అదియు ఫలింపలేదు. చిత్రలేఖనము ఆ కాలమున గౌరవప్రదమగు వృత్తిగా నెంచబడలేదు. పెద్దల యాశ ఒకవైపు, అంతరంగపు పిలుపు ఒకవైపు లాగుచుండగా నందలాల్ రెండవదానినే అనుసరించెను. 1905వ సంవత్సరమున తన బొమ్మలను చేతబట్టుకొని కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలకు పోయెను.

అది స్వదేశోద్యమము చెలరేగిన సంవత్సరము. ఆ కళాశాలకు ప్రధానాచార్యుడగు హావెల్ ఆంగ్లేయుడయ్యును, భారతీయ శిల్పచిత్రసంప్రదాయముల ఔన్నత్యమును గ్రహించినవాడు. ఐరోపా ప్రతిమల నచ్చులను చూచి గీయుటయే చదువుగా చెల్లుచున్న విద్యాలయమున ఆయన మార్పు తెచ్చుచుండెను. ఆయనకు కుడిభుజముగా అవనీంద్రనాథ ఠాకూరు నిలిచియుండిరి. నందలాల్ గీసి చూపిన గణపతి చిత్రము వారిని తృప్తిపఱచెను. నాటినుండి అవనీంద్రులు ఆయనకు గురువైరి. ఆ గురుశిష్యసంబంధము కడవఱకు చెక్కుచెదరలేదు.

ఆ గురువు తన శిష్యుని యెట్లు చూచెనో తెలుపు సంఘటన యొకటి కలదు. నందలాల్ పార్వతీదేవి తపస్సును చిత్రించెను. శివునికై సర్వమును త్యజించిన ఉమను ఆభరణములు లేకయే, రంగుల యాడంబరము లేకయే గీసెను. అవనీంద్రులు చూచి, చిత్రము మిక్కిలి వెలవెల బోవుచున్నదనియు, ఉమకు కొంచెము అలంకారము, నుదుట గంధము, అచ్చటచ్చట వన్నెయు చేర్చిన బాగుండుననియు సూచించిరి. శిష్యుడు మాఱాడక ఇంటికి పోయెను. ఆ రాత్రి గురువునకు నిద్రపట్టలేదు. తపస్సు చేయుచున్న ఉమకు అలంకారమేల? శిష్యుడు ధ్యానమున దర్శించినదానిని తాను చెఱుపబూనితినే యని వారు పరితపించిరి. తెల్లవాఱగనే పరుగుపరుగున శిష్యుని యింటికి పోయి చూడగా, నందలాల్ అప్పుడే చిత్రము నెదుట పెట్టుకొని కుంచె తీయుచుండెను. గురువు ఆయన చేతి నాపిరి. ఒక మంచిచిత్రము త్రుటిలో రక్షింపబడెను. అంతకంటె గొప్ప ఫలమొకటి దానివలన కలిగెను. చిత్రమునకు ప్రాణము దాని భావమనియు, భావమునకు అవసరము కాని గీత యెంత అందమైనదైనను అనావశ్యకమనియు ఆ ఉదయము శిష్యునికి స్థిరపడెను. తాను గురుస్థానమున కూర్చున్ననాడు శిష్యుల చిత్రములయెడ ఆయన చూపిన జాగరూకతకు ఇదియే బీజము.

1908వ సంవత్సరమున ప్రాచ్యకళాసంఘమువారి ప్రదర్శనమున ఆయన గీసిన శివసతుల చిత్రమునకు 500 రూపాయల బహుమానము లభించెను. ఆ ధనముతో ఆయన దేశాటనము చేసి, ప్రాచీనక్షేత్రములను, శిల్పములను దర్శించెను. పుస్తకములలో చదివిన భారతదేశము కన్నులయెదుట నిలిచెను.

ఈ దినములలోనే సోదరి నివేదిత పరిచయ మాయనకు లభించెను. బాగ్‌బజారులోని ఆమె యింటికి సహాధ్యాయితో కూడి మొదట పోయినపుడు ఆమె వారిని నేలమీద కూర్చుండుమనెను. తమకు ఆసనము లిచ్చుటకు ఈ పాశ్చాత్యస్త్రీకి మనసొప్పలేదు కాబోలునని యువకులు లోలోపల నొచ్చుకొనిరి. ఆమె అది గ్రహించి, వారు బుద్ధుడు పుట్టిన దేశపువారనియు, వారట్లు నేలపై కూర్చుండుట చూడ తనకెంతో ఆనందమగుననియు వివరించెను. నొచ్చుకొన్న మనస్సు సిగ్గుపడెను. తమకు సహజమైనదానిని తక్కువగా తలచుట తమ యలవాటనియు, దానిని గౌరవించుట పరదేశస్త్రీవలన నేర్చుకొనవలసి వచ్చెననియు నందలాల్ గుర్తించెను. అటుపిమ్మట ఆయన చిత్రములను నివేదిత నిశితముగా పరీక్షించి, గుణదోషములను నిర్మొగమాటముగా చెప్పుచుండెను.

1909వ సంవత్సరాంతమున లేడీ హెరింగ్‌హామ్ అను ఆంగ్లచిత్రకారిణి అజంతాచిత్రములకు ప్రతికృతులు వ్రాయుటకు వచ్చెను. ఆ గుహలు నాడు హైదరాబాదు నిజాము రాజ్యములోనివి. భారతీయచిత్రకారులకు ఇంతకంటె గొప్ప పాఠశాల లేదని తలచిన నివేదిత ప్రోద్బలముచే నందలాల్, అసితకుమార హాల్దారు మున్నగు యువకులు అచ్చటికి పంపబడిరి. హైదరాబాదునుండియు చిత్రకారులు వచ్చి చేరిరి. ఆ శీతకాలమున నివేదితయు, జగదీశచంద్ర బోస్ దంపతులును గుహలను దర్శించి వారిని ప్రోత్సహించిరి. మసక వెలుతురులో, శతాబ్దుల ధూళిక్రింద నున్న ఆ రేఖల ననుసరించుచు నందలాల్ నెలలకొలది గడపెను. అజంతాచిత్రకారులు బోధిసత్త్వుని గీసినంత శ్రద్ధతో పూచినకొమ్మను, ఏనుగును, సేవకుని ముఖమును గీసిరి. తమపేళ్ళను ఎచ్చటను ప్రకటించుకొనలేదు. సమదృష్టియు, నిరహంకారమును అను ఈ రెండు పాఠములను ఆయన అజంతానుండి తెచ్చుకొనెను.

హిందూబౌద్ధపురాణగాథలను నివేదిత ఆంగ్లమున వ్రాయుచు 1911వ సంవత్సరమున పరమపదించెను. ఆనంద కుమారస్వామి దానిని పూర్తిచేయగా, అవనీంద్రుల పర్యవేక్షణమున నందలాల్ మున్నగు శిష్యులు గీసిన చిత్రములతో ఆ గ్రంథము 1913వ సంవత్సరమున వెలువడెను. దానితో నందలాల్ పేరు సముద్రములు దాటెను. పురాణచిత్రకారుడుగా ఆయన కీర్తి స్థిరపడెను. ఆ మార్గముననే సాగిపోయినచో ధనమునకును, గౌరవమునకును కొదువలేదు.

ఆయన అట్లు సాగలేదు. రవీంద్రనాథ ఠాకూరు 1919వ సంవత్సరమున శాంతినికేతనమున కళాభవనమును స్థాపించి ఆయనను పిలిచిరి. 1920వ సంవత్సరమునుండి ఆయన అచ్చటనే స్థిరపడి, కొలదికాలమునకు దాని అధ్యక్షుడై, 1951వ సంవత్సరము వఱకు ఆ బాధ్యతను వహించెను. కలకత్తాలోని ప్రదర్శనశాలలు, ధనికులగు ఆదరకులు దూరమైరి. ఎదుట ఎఱ్ఱనేల, తాడిచెట్లు, ఎండిన వాగులు, సంతాలుల పల్లెలు మాత్రమే యుండెను. అవియే ఆయన కళ్ళు తెఱపించినవి. మునుపు దేవతామూర్తులయందే దివ్యత్వమును వెదకిన చిత్రకారుడు, అదే దివ్యత్వము మనుష్యునియందును, చెట్టునందును, కొండయందును కలదని తెలిసికొనెను. ఇది దేవతలను విడుచుట కాదు. దేవతలున్న చోటును విస్తరించుకొనుట. ఈ మార్పునకు సాక్ష్యములే ఆ చిన్నకార్డులు. శివుని చిత్రించిన చేయియే గడ్డిపోచను చిత్రించెను. శ్రద్ధలో భేదము లేదు.

1924వ సంవత్సరమున రవీంద్రులతో కలిసి ఆయన బర్మా, చైనా, జపాను దేశములకు పోయెను. అచ్చటి చిత్రకారులు సిరాలో ముంచిన కుంచెను ఒక్కసారి కదల్చి, దిద్దుబాటు లేకుండ వెదురాకును నిలుపుట చూచెను. కాగితముపై వ్రాయక విడిచిన భాగమును వ్రాసిన భాగమువలెనే మాటాడునని గ్రహించెను. కార్డుపై గీయు చిత్రములకు ఈ సిరాకుంచె మిక్కిలి యనుకూలించెను. ఒకమాఱు పడిన గీత మరల తుడుపబడదు; కావున గీయుటకు ముందే మనస్సు స్థిరపడవలయును. చేతి నిలుకడకు మూలము చిత్తపు నిలుకడయే యను సత్యము సాధకులకు క్రొత్తది కాదు.

ఆయన శిష్యులకు నేర్పిన విధానమును ఇట్టిదే. వస్తువు నెదుట పెట్టుకొని దాని వెలుపలి గీతలను కొలిచి దించుట ఆయనకు సమ్మతము కాదు. మొదట చూడవలయును, చూచి చూచి ఆ వస్తువు తనలోనిదగునట్లు చేసికొనవలయును, పిమ్మట దాని ప్రాణస్పందనను గీతలో పలికింపవలయును. చెట్టు నేలనుండి పైకి పెరుగును గావున దానిని గీయు చేయియు మొదటినుండి పైకి పోవలయునే గాని, కొనలనుండి క్రిందికి దిగరాదని చెప్పెడివాడు. లోపల అగ్నియు వెలుపల ప్రశాంతియు గల ఫ్యూజీ పర్వతమును ప్రాచ్యకళాకారునికి ఆదర్శముగా చూపెడివాడు. ఈ శిక్షణమును పొందిన సత్యజిత్ రాయ్ తదనంతరకాలమున చలనచిత్రదర్శకుడై లోకప్రసిద్ధి గాంచినను, ఆ పాఠములను మఱువలేదు. తెలుగునాటినుండి పోయి ఆయనకడ నేర్చుకొన్న కొండపల్లి శేషగిరిరావు హైదరాబాదున చిత్రకళాచార్యుడై, పలువురు శిష్యులను తీర్చిదిద్దెను.

గురువునకును పరీక్షలు వచ్చును. వినోదవిహారి ముఖోపాధ్యాయుడను బాలుడు కళాభవనమున చేరవచ్చెను. వానికి పుట్టుకనుండియు చూపు మందము. చూపు లేనివానికి చిత్రకళ యెట్లు పట్టుబడునని నందలాల్ సందేహించెను. విషయము రవీంద్రుల కడకు పోగా, ఆ బాలుడు శ్రద్ధతో పనిచేయుచున్నాడా యని వారు విచారించి, అట్లయినచో వాని దారిని వానిని పోనిండని సలహా యిచ్చిరి. నందలాల్ తన యభిప్రాయమును పట్టుకొని వ్రేలాడలేదు. ఆ బాలుడు దేశమునందలి గొప్ప భిత్తిచిత్రకారులలో ఒకడయ్యెను. 1957వ సంవత్సరమున చూపు పూర్తిగా పోయిన తరువాతను కళాసృష్టిని మానలేదు. చిత్రమునకు మూలము కంటికంటె లోతైనచోట నున్నదని గురువు నేర్పినదానిని, శిష్యుడు తన జీవితముచే ఋజువు చేసెను.

పంచుకొనవలయునను బుద్ధి ఆయన కార్డులతో ఆగలేదు. 1930వ సంవత్సరమున మహాత్ముడు ఉప్పుసత్యాగ్రహమునకు దండికి నడచినపుడు, చేతికఱ్ఱ పట్టుకొని ముందునకు సాగుచున్న ఆ మూర్తిని ఆయన లినోలియము పలకపై చెక్కి అచ్చొత్తెను. నలుపు తెలుపులతో, కొలదిగీతలతో నున్న ఆ చిత్రము అహింసాయుద్ధమునకే చిహ్నమయ్యెను. ఆ యేడాదియే రవీంద్రులు బాలురకొఱకు వ్రాసిన సహజపాఠమను వాచకమునకు బొమ్మలు సమకూర్చెను. తరతరముల బంగాళీ బిడ్డలు అక్షరములతోపాటు ఆ బొమ్మలను నేర్చుకొనిరి. ఒక్క ధనికుని గోడపై వ్రేలాడు చిత్రముకంటె, వేయి పేదయిండ్ల బిడ్డలు త్రిప్పు పుటలోని చిత్రము తక్కువది కాదని ఆయన యెఱుగును.

కాంగ్రెసు మహాసభలకు అలంకరణబాధ్యతను గాంధీజీ ఆయనకు అప్పగించిరి. ప్రదర్శనము పల్లెవాసులకు తెలియునట్లుండవలయుననియు, పల్లెలో దొరకు సామగ్రితోనే కావలయుననియు గాంధీజీ కోరిక. 1938వ సంవత్సరము ఫిబ్రవరిలో గుజరాతునందలి హరిపురమున సుభాసచంద్ర బోస్ అధ్యక్షతను సభ జరిగెను. దానికై నందలాల్ పల్లెజనుల జీవితమును పరిశీలించి, చేకాగితముపై మట్టిరంగులతో చిత్రములు వ్రాసెను. దున్ను రైతు, డోలు వాయించువాడు, దూది యేకువాడు, ధాన్యము దంచు స్త్రీలు వానిలో ప్రత్యక్షమైరి. ఆయన స్వయముగా వ్రాసినవి ఎనుబదికి మించగా, శిష్యులు వానికి వ్రాసిన ప్రతులతో కూడి మొత్తము సుమారు 400 అయ్యెను. అవి ద్వారములయొద్దను, పందిళ్ళయందును వెలసెను. తన్నుతాను అట్లు చిత్రమున చూచుకొను గౌరవము రైతునకు అంతకుముందెన్నడు లభించెను? ఎండకు, గాలికి, ధూళికి ఆ చిత్రములు పాడగునే యను చింత ఆయనకు లేదు. చేరవలసినవారిని చేరుటయే వాని ప్రయోజనము.

శ్రీరామకృష్ణ సంఘమునకును ఆయన కళ సమర్పితమయ్యెను. 1938వ సంవత్సరము జనవరి 14వ తేదీన ప్రతిష్ఠితమైన బేలూరుమఠ శ్రీరామకృష్ణాలయమున వేదికకును, నవగ్రహమూర్తులకును రూపకల్పన ఆయనదే. కామార్పుకూరున శ్రీరామకృష్ణులు అవతరించిన స్థలమున 1951వ సంవత్సరమున ప్రతిష్ఠితమైన ఆలయమునకును ఆయనయే రూపకల్పన చేసెను. భగవాను డచ్చట జన్మించినది వడ్లు దంచు పాకలో. అందుచే ఆ వేదికపై దంపుడురోలు, పొయ్యి, దీపము చెక్కబడియున్నవి. పేదయింటి పనిముట్లు దేవుని పీఠమున స్థానము పొందినవి. పల్లెలోని అతిసామాన్యవస్తువును భక్తితో చూచుట జీవితకాలము నేర్చుకొన్న చిత్రకారునికి ఇంతకంటె తగిన పని యేముండును?

స్వతంత్రభారత రాజ్యాంగము చేతివ్రాతప్రతిని అలంకరించు పనియు ఆయనకే వచ్చెను. అప్పటి కాయన వయస్సు 67 ఏండ్లు. అక్షరములను ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా వ్రాసెను. 22 భాగములకును ముందు ఒక్కొక్క చిత్రముగా మొహెంజొదారో వృషభముద్రనుండి, వేదకాలపు గురుకులము, గీతోపదేశము, బుద్ధుడు, మహావీరుడు, అక్బరు, శివాజీ, మహాత్ముని దండియాత్ర వఱకు దేశచరిత్ర యంతయు నిలిచెను. ఈ పనిని ఆయన ఒంటరిగా కీర్తికొఱకు చేయలేదు. శిష్యులతో పంచుకొని చేసెను. ప్రవేశికపుటను అలంకరించిన వాడు శిష్యుడగు బ్యోహార్ రామమనోహర సిన్హా. 1950వ సంవత్సరము జనవరి 24వ తేదీన రాజ్యాంగసభ సభ్యులు ఆ ప్రతిపై సంతకములు చేసిరి.

1954వ సంవత్సరమున భారతప్రభుత్వము ఆయనను పద్మవిభూషణ బిరుదముతో సత్కరించెను. సన్మానములు వచ్చినను దినచర్య మాఱలేదు. ఉద్యోగమునుండి విరమించిన పిమ్మటను ఆయన కుంచెకు విరామము లేదు. వార్ధక్యమున పెద్దచిత్రములకు దేహము సహకరింపకున్నను, ఒక చిన్నకాగితము, కొంచెము సిరా చాలియుండెను. రంగులు క్రమముగా తగ్గెను, గీతలును తగ్గెను, మిగిలినది సారము మాత్రమే. యౌవనమున ఉమ చిత్రమునుండి ఆభరణములను తొలగించినవాడు, వృద్ధాప్యమున తన కళనుండియే ఆభరణములను తొలగించుకొనెను. 1966వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన నందలాల్ దేహము చాలించెను. ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళాప్రదర్శనశాల ఆయన కృతులను ఆరువేలకు పైగా సేకరించి కాపాడుచున్నది. ఆయన పంచియిచ్చిన కార్డులు ఎన్ని యిండ్లలో, ఎన్ని పుస్తకముల నడుమ నిలిచియున్నవో లెక్కింప శక్యము కాదు.

మనలో అందఱును చిత్రకారులు కాజాలరు. కాని మన యెదుట నడచిపోవు ప్రాణిని ఒక్కక్షణము నిలిచి చూచుట మన చేతిలోని పనియే. తొందరలో మనము చూడక దాటిపోవు మేకపిల్లయందును, బరువు మోయు స్త్రీయందును, దారిప్రక్క చెట్టునందును నందలాల్ తన యిష్టదైవమును చూచెను. చూచినదానిని ప్రతిదినము నలుగురితో పంచుకొనెను. పూజాగృహమునందలి దృష్టిని వాకిటిలోనికి కూడ తెచ్చుకొనగల్గిననాడు ఆ చిన్నకార్డులు తెచ్చిన సందేశము మనకు చేరినట్లే.